కుళాయి కట్టేసిన వార్డు

1838లో ఫ్రెంచి వైద్యుడు ఎస్కిరోల్ తన మానసిక వ్యాధుల గ్రంథంలో ఒక స్త్రీ గురించి వివరంగా రాశాడు. ఆమెకు 18వ ఏట, బంధువుల ఇంటి నుంచి వస్తుండగా, వాళ్ల వస్తువేదైనా తన జేబులో పడి వచ్చేసిందేమోనని అనుమానం పుట్టింది. తర్వాత లెక్కల పుస్తకంలో అంకె తప్పు వేశానేమోనని, డబ్బు ముట్టుకుంటే విలువైనదేదో వేళ్లకు అంటుకుందేమోనని భయం. అర్థంలేని భయమని ఆమెకూ తెలుసు, అయినా వదిలించుకోలేకపోయింది. ఈనాడు ఓసీడీ అంటున్న వ్యాధి ఇదే. దీన్ని అంత స్పష్టంగా గుర్తించాక కూడా, నయం చేసే దారి దొరకడానికి వందేళ్లు దాటింది. వైద్యులు ఆ తలపు ఎక్కడ పుట్టిందోనని తవ్వుతూ పోవడమే ఈ జాప్యానికి పెద్ద కారణమని నా అభిప్రాయం. 1909లో ఫ్రాయిడ్ ప్రచురించిన ‘ఎలుకల మనిషి’ కేసు కూడా బాల్యంలోకే వెళ్లింది. నిజానికి పాడు తలపులు రానివాళ్లు అరుదు. మామూలు మనుషుల్లో ఎక్కువమందికి అలాంటివే వస్తాయని 1978లో సైకాలజిస్టులు రాచ్‌మన్, శ్రీలంకకు చెందిన పద్మల్ డి సిల్వా చూపించారు. వ్యాధిని పెంచి పోషించేది తలపు కాదు, ఆ భయం పోవడానికి చేసే పని. ఉదాహరణకు, మైల అంటిందని భయపడేవాళ్లకు చేతులు కడిగితే కాసేపు ప్రాణం కుదుటపడుతుంది. కడిగాను కాబట్టే గండం తప్పిందని మనసు నమ్ముతుంది. మళ్లీ భయం, మళ్లీ కడగడం.

ఈ ముడిని విప్పినవాడు లండన్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి సైకాలజిస్టు విక్టర్ మేయర్. 1966లో ఆయన రాసింది ఇద్దరు రోగుల గురించే. వాళ్లలో, మైల భయంతో ఎడతెగకుండా కడుక్కునే ఒకామెను వార్డులో చేర్చి, కుళాయికి నీళ్లు రాకుండా కట్టేయించాడు. నర్సులు వెన్నంటే ఉండి, భయపడే వస్తువులనే ముట్టుకోమన్నారు, కడగనివ్వలేదు. అనుకున్న ఆపద రాలేదన్నది ఆమె కళ్లారా చూడాలి, అదీ ఉద్దేశం. నెమ్మదిగా కాపలా సడలించారు. 1974 నాటికి ఇలా చికిత్స పొందిన 15 మందిలో 10 మందికి బాగా గుణం కనిపించింది.

ఇది క్రూరత్వం కాదా అంటే, ఆ వార్డు పద్ధతి కఠినమైనదే. ఈనాడు రోగి ఒప్పుకుని, తక్కువ భయం నుంచి ఎక్కువ భయానికి మెట్లు చికిత్సకుడితో కలిసి నిర్ణయించుకుంటాడు. చేతులు కట్టెయ్యరు. మెదడు జబ్బుకు అలవాటు మార్పు ఏం చేస్తుందన్న ప్రశ్న ఇంకా బలమైనది. దానికి 1992లో లాస్ ఏంజెలిస్ పరిశోధకులు స్కానింగుతో జవాబిచ్చారు: ఫ్లూఆక్సెటిన్ మాత్రతో మెరుగైనవాళ్లలోనూ, ఇలా భయాన్ని ఎదుర్కొనే సాధనతో మెరుగైనవాళ్లలోనూ మెదడులోని కాడేట్ అనే భాగం చురుకు ఒకేలా తగ్గింది. మందులు అక్కర్లేదని దీని అర్థం కాదు. 2005లో వెలువడిన ఒక అమెరికా పరీక్షలో సాధనతో 62 శాతం, క్లోమిప్రమిన్ మందుతో 42 శాతం, రెండూ కలిపితే 70 శాతం మందికి గుణం కనిపించింది. ఉత్తుత్తి మాత్రతో 8 శాతమే. భయం తీవ్రంగా ఉన్నవాళ్లకు మందు వేసుకుంటేనే సాధన మొదలుపెట్టే ధైర్యం రావచ్చు. కొందరికి రెండూ చాలవు.

మన ఇళ్లలో మడి, శౌచం పాటించేవాళ్లందరికీ ఈ జబ్బు అంటగట్టడం తప్పు. ఆచారం ఒక హద్దు దగ్గర ముగుస్తుంది, మనసుకు తృప్తినిస్తుంది. ఈ జబ్బులో ఎన్నిసార్లు చేసినా చాలదు, గంటలు కరిగిపోతాయి. దాన్ని చాదస్తమని కొట్టిపారేస్తే రోగి దాచుకుంటాడు. విసుగెత్తో, జాలిపడో, ‘తలుపు వేశావులే నాన్నా, నేను చూశాగా’ అని ఇంట్లోవాళ్లు పదిసార్లు చెప్పే భరోసా కూడా ఆ కడుగుడు లాంటిదే. అందుకే చికిత్సలో వాళ్లనూ కూర్చోబెట్టి, జవాబివ్వకుండా పక్కనే నిలబడడం నేర్పుతారు.