స్టీమ్

కంప్యూటర్ ఆటలనూ సాఫ్ట్‌వేర్‌నూ ఇంటర్నెట్‌లో అమ్మి, కొన్నవారి కంప్యూటర్‌లోకి నేరుగా దింపే వేదిక. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన వాల్వ్ సంస్థ దీన్ని 2003 సెప్టెంబరు 12న ప్రారంభించింది.

డిస్కు లేకుండా ఆటను చేరవేయాలన్న ఆలోచన అంతకు చాలా ముందుది. 1983లోనే గేమ్‌లైన్ అనే సేవ టెలిఫోన్ తీగ మీదుగా అటారి 2600 యంత్రానికి ఆటలు పంపింది. 1993 డిసెంబరులో ఐడీ సాఫ్ట్‌వేర్ తన డూమ్ తొలి భాగాన్ని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ సర్వరు ద్వారా ఉచితంగా పంచింది.

వాల్వ్‌ను 1996లో మైక్రోసాఫ్ట్ మాజీ ఉద్యోగులు గేబ్ న్యూవెల్, మైక్ హారింగ్టన్ నెలకొల్పారు. 1998లో వచ్చిన వారి తొలి ఆట హాఫ్-లైఫ్ ఘనవిజయం సాధించింది. దాన్ని ఆధారం చేసుకుని మిన్ లే, జెస్ క్లిఫ్ 1999లో రూపొందించిన కౌంటర్-స్ట్రైక్‌ను వాల్వ్ మరుసటి ఏడు తానే విడుదల చేసింది. స్టీమ్ అవసరం ఈ ఆటతోనే బాగా తెలిసివచ్చింది. దోషాలు సవరించి కొత్త వెర్షన్ ఇచ్చినప్పుడల్లా ఆటగాళ్లు ఎవరికి వారు ఆ ఫైలు వెతికి దింపుకోవాలి. సర్వరులోని వెర్షనూ తమ దగ్గరున్నదీ కలవక ఎందరో రోజుల తరబడి ఆటకు దూరమయ్యేవారు. దొంగ ప్రోగ్రాములతో గెలిచేవారి బెడద వేరే. సవరణలు వాటంతటవే వచ్చి చేరే ఏర్పాటును వాల్వ్ 2002 మార్చిలో శాన్ హోసేలో, గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ప్రకటించింది.

తొలి రోజులు సాఫీగా సాగలేదు. 2004 నవంబరు 16న హాఫ్-లైఫ్ 2 వచ్చింది. దుకాణంలో డిస్కు కొన్నవారు సైతం స్టీమ్ ఖాతా తెరిచి, నెట్‌లో ధ్రువీకరణ పొందితేనే ఆట మొదలయ్యేది. ఆ తాకిడికి సర్వర్లు తట్టుకోలేకపోయాయి. డబ్బిచ్చి కొన్న వస్తువుకు మళ్లీ అనుమతి ఏమిటన్న ఆటగాళ్ల ఆగ్రహం సహేతుకమైనదే. అయినా ఆట అద్భుతమైనది కావడంతో లక్షల మంది ఖాతాలు తెరిచారు.

2005 అక్టోబరులో బయటివారి ఆట మొదటిసారి స్టీమ్‌లోకి వచ్చింది. అది మార్క్ హీలీ ప్రధానంగా తన సొంత శ్రమతో చేసిన రాగ్ డాల్ కుంగ్ ఫూ. పెద్ద ప్రచురణ సంస్థ అండ లేని సృష్టికర్తకు ప్రపంచ విపణి తలుపు తెరుచుకోవడం ఈ వేదిక చరిత్రలో అన్నిటికన్నా మెచ్చదగిన ఘట్టం.

ఆ తరువాత స్టీమ్ 2010లో మాక్‌కు, 2013లో లినక్స్‌కు విస్తరించింది. 2015 జూన్ నుంచి, కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కన్నా తక్కువ ఆడిన ఆటకు డబ్బు వాపసు ఇస్తోంది. అదే ఏడు నవంబరులో భారతీయులకు ధరలు డాలర్ల నుంచి రూపాయల్లోకి మారడంతో తెలుగునాట ఆటగాళ్లకూ కొనుగోలు సులువైంది.

అమ్మకాల్లో స్టీమ్ తీసుకునే వాటా సాధారణంగా 30 శాతం. 2018 డిసెంబరులో ఎపిక్ గేమ్స్ 12 శాతం వాటాతో పోటీ దుకాణం తెరిచింది. దాదాపు అదే సమయంలో స్టీమ్ కోటి డాలర్లు దాటిన అమ్మకాలపై 25, 5 కోట్లు దాటిన వాటిపై 20 శాతానికి తగ్గించింది. చిన్న తయారీదారులకు ఆ ఊరట అందలేదు.

స్టీమ్‌లో కొన్నవారికి దక్కేది వాడుకునే లైసెన్సు మాత్రమే. ఈ సంగతిని కొనేవారికి స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది. ఆ ఏడు అక్టోబరు నుంచి స్టీమ్ చెల్లింపు పేజీలో ఆ మాట కనిపిస్తోంది. 2008లో మొదలైన పోలండ్ దుకాణం జీఓజీ మాత్రం తాళంలేని ఇన్‌స్టాలర్ ఫైళ్లనే ఇస్తుంది. కొన్నవారు వాటిని తమ సొంత డిస్కులో దాచుకోవచ్చు.