విశ్వనాథ నాయకుడు: వలస వచ్చిన వీరుని కుమారుడు

మధురలోను, కోయంబత్తూరు సీమలోను స్థిరపడిన మన కుటుంబములలో పిల్లలు “మనము ఇచ్చటికి ఎప్పుడు వచ్చితిమి?” అని అడిగినచో, పెద్దలు చెప్పు సమాధానమొకటి కలదు: “విశ్వనాథ నాయకునితో వచ్చితిమి.” ఆ మాటలో చరిత్ర ఎంత, అభిమానమెంత? ఆ వీరుని జీవితమును ఒకసారి స్మరించి తెలిసికొందము.

విశ్వనాథుని తండ్రి నాగమ నాయకుడు విజయనగర సేనానులలో ప్రసిద్ధుడు. స్థానిక వృత్తాంతములు చెప్పు కథ యిది. వీరశేఖర చోళుడు మధురను ఆక్రమింపగా పాండ్యరాజు శ్రీకృష్ణదేవరాయల శరణు జొచ్చెను. రాయలు నాగమను దక్షిణమునకు పంపిరి. నాగమ చోళుని జయించెను గాని, రాజ్యమును పాండ్యునకు అప్పగింపక తానే ఏలసాగెను. ఆ ద్రోహిని పట్టి తెచ్చువాడెవడని రాయలు సభలో అడిగినప్పుడు, ముందుకు వచ్చినవాడు కన్నకొడుకే. విశ్వనాథుడు తండ్రితో పోరి, బందీగా గొనిపోయి, పిదప ఆయన ప్రాణములకై ప్రభువును వేడుకొనెను. రాయలు తండ్రిని క్షమించి, కుమారునకు మధుర నాయకత్వమును ప్రసాదించిరి. ఈ కథ తరువాతి కాలపు వ్రాతలయందు నిలిచినది. ఇందలి వివరములపై చరిత్రకారులకు ఏకాభిప్రాయము లేదు. మధుర నాయకుల పాలన 1529లో ఆరంభమైనదని చెప్పుట మాత్రము వాడుక.

కత్తితో గెలిచిన నేలను నిలుపుకొనుట వేరొక విద్య. విశ్వనాథుడు మధురకు డెబ్బదిరెండు బురుజుల కోట కట్టించి, రాజ్యమును డెబ్బదిరెండు పాలెములుగా విభజించెనని ప్రతీతి. పాలెగాడు వచ్చిన ఆదాయములో మూడవ వంతు నాయకునకు చెల్లించి, మూడవ వంతుతో సైన్యమును పోషించి, మిగిలినది తాను అనుభవింపవలెను. ఒక్కొక్క బురుజు ఒక్కొక్క పాలెగాని కాపులో ఉండెడిది. తంజావూరు నాయకునకు వల్లమునిచ్చి, మారుగా తిరుచిరాపల్లిని పుచ్చుకొని, కావేరి ఒడ్డున అడవులు కొట్టించి బాటసారులకు దొంగల భయము పోగొట్టెననియు చెప్పుదురు.

ఈ పనులలో ఆయనకు కుడిభుజము దళవాయి అరియనాథ మొదలియారు. ఆయన తొండమండలపు తమిళుడు. పాలెగాండ్రలో తెలుగువారును, మరవరులును కలరు. కావున ఆ రాజ్యము తెలుగువారు మాత్రమే కట్టినది కాదు. అశ్వారూఢుడైన అరియనాథుని శిల్పమును మీనాక్షి కోవెల వేయికాళ్ల మండపమున నేటికిని చూడవచ్చును.

1564లో విశ్వనాథుడు గతించెను. మరుసటి యేడే తళ్లికోట యుద్ధమున విజయనగరము కూలినది. ఆయన నాటిన మధుర రాజ్యము మాత్రము 1736 వరకు నిలిచినది.

ఇక మన ప్రశ్న. మనవారందరును విశ్వనాథునితో వచ్చినవారు కారు. అంతకు ముందే, పదునాలుగవ శతాబ్దిలో కుమార కంపన దండయాత్రతో కొందరు వచ్చిరి. పిదప నల్లరేగడి సేద్యమునకును, మగ్గమునకును, వర్తకమునకును తరతరములుగా మరెందరో వచ్చిరి. అందరి రాకకును ఒక్క వీరుని పేరు పెట్టుకొనుట చరిత్ర కాదు, ప్రేమ. ఆ ప్రేమను తప్పు పట్టము. అయినను సత్యమును గూడ పిల్లలకు చెప్పవలెను.

మధుర నాయకులలో విజయరంగ చొక్కనాథుడు (1706-1732) ఈ తమిళదేశమున నుండియే శ్రీరంగ మాహాత్మ్యమును, మాఘ మాహాత్మ్యమును తెలుగు వచనమున రచించెను. నేడు మన యిండ్లలో తెలుగు మాట వినబడుచున్నది గాని, ఆ గ్రంథములను విప్పి చదువగల పిల్లలు ఎందరు? వచ్చిన నేలను తన నేలగా చేసికొనుట విశ్వనాథుడు నేర్పిన పాఠము. దానిని మనము చక్కగా నేర్చితిమి. తెచ్చుకొన్న అక్షరమును నిలుపుకొనుట రెండవ పాఠము. అది యింకను మన చేతిలోనే యున్నది. ఇంటికొక్కరు పిల్లలకు ఓనమాలు దిద్దించినచో చాలును.