ముట్లుడిగే వయసులో గుండె దడ, ఆందోళన: తెలుసుకోవలసిన సంగతులు

నెలసరి ఆగిపోయే దశను మన ఇళ్లలో ‘ముట్లుడగడం’ అంటారు. పుస్తకాలలో దానికి ఋతువిరతి అని పేరు. కన్నడంలో ఋతుబంధ, మరాఠీలో రజోనివృత్తి, తమిళంలో మాదవిడాయ్ నిఱుత్తం, ఆసుపత్రిలో మెనోపాజ్. పేర్లు ఎన్ని ఉన్నా, ఈ దశలో వచ్చే ఒంటి ఆవిర్లను గూర్చి, చెమటలను గూర్చి తెలిసినంతగా ఆందోళనను గూర్చి మన స్త్రీలకు తెలియదు. కారణం లేని భయం, తెల్లవారుజామున ఉలిక్కిపడి లేవడం, బడి బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే కాళ్లూ చేతులూ ఆడకపోవడం, నలుగురిలో కూర్చుంటే ఊపిరి ఆడనట్లుండడం, చిన్న మాటకే కన్నీళ్లు రావడం: ఇవి కూడా ఆ మార్పులో భాగం కావచ్చునని చెప్పేవారు లేక, తమకు మతి చలిస్తున్నదేమోనని లోలోపల కుమిలిపోయేవారు చాలామంది.

వరుసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతే ముట్లుడిగినట్లు వైద్యులు లెక్కిస్తారు. భారతీయ స్త్రీలలో ఇది సగటున 46, 47 ఏళ్ల ప్రాంతంలో జరుగుతుంది. పాశ్చాత్య దేశాలలో ఆ సగటు 51 ఏళ్లు. అయితే మార్పు ఆ రోజున మొదలు కాదు. అంతకు ముందే కొన్ని ఏళ్లపాటు నెలసరి ముందు వెనుకలవుతుంది, ఒకసారి విపరీతంగా, ఒకసారి అంతంతమాత్రంగా కనిపిస్తుంది. ఆందోళన తరచుగా తల ఎత్తేది ఈ ముందు దశలోనే. నెలసరి ఇంకా వస్తూనే ఉంటుంది గనుక దానికీ దీనికీ సంబంధం ఉన్నదని ఎవరికీ తోచదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకోని వారికి, నెల తప్పినప్పుడల్లా గర్భం నిలిచిందేమోనన్న భయం దీనికి తోడవుతుంది. ఆ భయం అర్థం లేనిది కాదు. యాభై ఏళ్లలోపు నెలసరి ఆగితే రెండేళ్లు, ఆ తరువాత ఆగితే ఒక ఏడాది జాగ్రత్త అవసరమే.

శరీరంలో జరిగేది ఇది. అండాశయాలలో తయారయ్యే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ మెట్లు దిగినట్లు క్రమంగా తగ్గదు, కొన్ని ఏళ్లు ఎగుడుదిగుడుగా నడుస్తుంది. మనసును నిలకడగా ఉంచే సెరొటోనిన్ వంటి రసాయనాల మీద, ఒంటి వేడిని సరిచూసే మెదడు భాగం మీద ఈ హార్మోన్‌కు పట్టు ఉంది. అందువలన ఏ కారణమూ లేకుండానే మెదడు ‘ఒళ్లు వేడెక్కింది’ అని తప్పుగా లెక్క కట్టి రక్తాన్ని చర్మం వైపు తోస్తుంది. ముఖం, మెడ, ఛాతీ భగ్గుమంటాయి, చెమట పడుతుంది, గుండె వేగంగా కొట్టుకొంటుంది. సాధారణంగా ఒకటి నుండి ఐదు నిమిషాలలో అంతా సర్దుకొంటుంది. కానీ గుండె దడదడలాడినప్పుడు ‘ఏదో ముంచుకొస్తున్నది’ అని మనసు అనుకోవడం సహజం. ఆ భయంతో దడ ఇంకా పెరుగుతుంది, దడతో భయం ఇంకా పెరుగుతుంది. రాత్రి చెమటలతో నిద్ర చెడితే మరునాటికి మనసుకు ఓర్పే మిగలదు.

అన్నింటికీ హార్మోన్‌నే కారణం చేయడమూ సరికాదు. కూతురి పెళ్లి, కొడుకు ఉద్యోగం కోసం బెంగుళూరు వెళ్లిపోవడం, మంచం పట్టిన అత్తగారు, పంట అప్పు, ఇవన్నీ స్త్రీ మీదికి వచ్చిపడేది కూడా ఈ వయసులోనే. కాన్పు తరువాత మనసు బాగా క్రుంగిపోయిన వారికి, ప్రతి నెల ముట్టుకు ముందు విపరీతమైన చిరాకు, దిగులు ఉండే వారికి ఈ దశలో ఇబ్బంది ఎక్కువయ్యే అవకాశం ఉంది.

గర్భసంచి తీయించుకొన్న వారి సంగతి వేరుగా చెప్పుకోవాలి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశమంతటా నూటికి సుమారు ముగ్గురుండగా, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిదిమంది, తెలంగాణలో సుమారు ఎనిమిదిమంది. సరిహద్దుకు ఇటున్న మనకు అటే పుట్టిళ్లు, అటే చుట్టరికాలు. గర్భసంచితో పాటు రెండు అండాశయాలనూ తీసివేస్తే, ఏళ్ల తరబడి జరగవలసిన మార్పు ఒక్క దినంలో జరిగిపోతుంది. ఆవిర్లు, ఆందోళన తీవ్రంగా రావచ్చు. అండాశయాలు ఉంచారో తీశారో చాలామందికి తెలియనే తెలియదు. ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో అది వ్రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని వెదికి పెట్టుకోవడం మంచిది.

ఇక మన ఊళ్లలో ఈ ఆందోళనకు పెట్టే పేర్లు రెండు. ఒకటి ‘నరాల బలహీనత’, రెండవది ‘గాలి సోకడం’. మొదటిదానికి ఒక సెలైన్ సీసా, రెండవదానికి ఒక తాయెత్తు. తాయెత్తు కట్టుకొన్నందువలన నష్టం లేదు గాని, దానిని నమ్ముకొని ఆరు నెలలు గడిపితే నష్టమే. సెలైన్ అంటే చాలావరకు ఉప్పు నీరో చక్కెర నీరో. ఆందోళనకు అది మందు కాదు.

దడ అంతా ముట్లుడగడం వలననే అని ఇంట్లోనే తీర్పు చెప్పుకోకూడదు. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా ఇవే లక్షణాలు: దడ, చెమట, వణుకు, నిద్ర లేమి. రక్తహీనత ఉన్నా ఎద కొట్టుకొంటుంది. 2019–21 సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఈ దశలో రక్తస్రావం ఎక్కువైతే అది ఇంకా ముదురుతుంది. మధుమేహానికి మందు వాడేవారికి చక్కెర హఠాత్తుగా పడిపోయినా చెమట, కంగారు కలుగుతాయి. కనుక రక్తపోటు, హిమోగ్లోబిన్, చక్కెర, థైరాయిడ్ పరీక్షలు, అవసరమైతే ఇ.సి.జి. చేయించుకొన్న తరువాతనే మిగతా మాట. ఛాతీలో నొప్పి లేదా బరువు, ఎడమ చేతికో దవడకో లాగడం, స్పృహ తప్పడం ఉంటే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. పన్నెండు నెలలు ముట్టు ఆగిన తరువాత మళ్లీ కొద్దిగా రక్తం కనిపించినా పరీక్ష తప్పనిసరి.

సరిహద్దు ఊళ్లలో మరొక చిక్కు భాష. మనం ‘దిగులు’ అంటే మనసు క్రుంగడం, బెంగ. కన్నడంలో ‘దిగిలు’ అంటే హడలు. తమిళంలో ‘తిగిల్’ అంటే భీతి. ఒక మాట అనుకొని చెబితే వైద్యునికి మరొకటి వినిపిస్తుంది. అందుచేత ఒక్క మాటతో సరిపెట్టక, జరిగినదానిని జరిగినట్లు చెప్పాలి. గుండె దడను కన్నడంలో ‘ఎదె డవడవ’ అని, తమిళంలో ‘నెంజు పడపడప్పు’ అని, మరాఠీలో ‘ఛాతీత ధడధడ’ అని చెబితే అర్థమవుతుంది. పిల్లల పాత నోటుపుస్తకంలో రెండు వారాలు వ్రాసుకొంటే ఇంకా మేలు: తేదీ, దడ వచ్చిన వేళ, ఎన్ని నిమిషాలున్నది, చెమట పట్టిందా, క్రిందటి ముట్టు ఎప్పుడు.

బడిలో రాష్ట్ర భాష నేర్చిన పిల్లలే ఆసుపత్రిలో తల్లులకు దుబాసీలవుతున్నారు. కొడుకు ప్రక్కన నిలబడి ఉంటే ఏ తల్లి ముట్టు మాట ఎత్తుతుంది? ‘అమ్మకు గుండె కొట్టుకొంటుందట’ అన్నంతవరకే ఆ అబ్బాయి చెబుతాడు. ఇ.సి.జి. బాగుందని ఇంటికి పంపించేస్తారు. కూతురినో, వదినగారినో, ఆశా కార్యకర్తనో వెంట తీసుకొని వెళ్లడం మేలు.

దడ మొదలైనప్పుడు చేయదగినది ఒకటుంది. కూర్చొని, నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలాలి. ఇలా ఐదు నిమిషాలు చేస్తే చాలు. ఊపిరి వదలడం నిదానమైనకొద్దీ గుండె వేగం తగ్గుతుంది. ఆ సమయంలో ‘ఇది ఆవిరి, కొద్ది నిమిషాలలో పోతుంది’ అని పైకి అనుకోవడం కూడా ఉపకరిస్తుంది. ప్రతి దినం అరగంట వేగంగా నడవడం నిద్రకూ మనసుకూ మంచిది. పొలం పని చేసేవారికి వేరే నడక ఎందుకని అడుగుతారు. నిజమే, వారికి కావలసింది నడక కాదు, విశ్రాంతి. మధ్యాహ్నం తరువాత కాఫీ, టీ మానివేయాలి. పొగాకు ఏ రూపంలోనైనా కీడే. ఒడిశా సరిహద్దున, ఉత్తరాంధ్ర పల్లెలలో పెద్ద వయసు స్త్రీలు త్రాగే అడ్డపొగ నోటి క్యాన్సర్‌కు దారితీస్తుందని తెలిసిందే. పొగ త్రాగే వారికి ముట్లు కూడా ఒకటి రెండేళ్లు ముందే ఉడుగుతాయి.

వీటితో తగ్గకపోతే వైద్యం ఉంది. ఆలోచనల తీరును, అలవాట్లను క్రమంగా మార్చుకొనేలా శిక్షణ ఇచ్చే మాటల చికిత్స ఆందోళనకు బాగా పనిచేస్తుంది. నిరంతరం వేధించే ఆందోళనకు సెరొటోనిన్ మీద పనిచేసే మాత్రలు ఇస్తారు. వాటి గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మత్తుకు అలవాటు చేయవు గాని, హఠాత్తుగా మానకూడదు. ఆవిర్లు, రాత్రి చెమటలు ఎక్కువగా ఉంటే హార్మోన్ చికిత్స మేలు చేస్తుంది. 2002లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం తరువాత దీనిని గూర్చి భయం వ్యాపించింది. అరవై ఏళ్లలోపు, ముట్లుడిగి పదేళ్లు దాటని ఆరోగ్యవంతులలో చాలామందికి కీడు కంటే మేలే ఎక్కువని నేటి వైద్యుల అభిప్రాయం. రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారికి, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారికి ఇది సాధారణంగా తగదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొనే ఆల్ప్రాజోలం విషయంలో మాత్రం గట్టిగానే చెప్పవలసి ఉంది. ఆ రాత్రికి నిద్ర పట్టవచ్చు, కొన్ని వారాలలోనే అది లేనిదే నిద్ర పట్టని స్థితి వస్తుంది.

మానసిక వైద్యం పట్నాల సొత్తు కాదు. 1996లో దేశంలో ఆరంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా, 1980లలో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ మన బళ్ళారి జిల్లాలో నడిపిన ప్రయోగమే. ఈ కార్యక్రమం అమలులో ఉన్న జిల్లాలలో జిల్లా ఆసుపత్రిలోనే మానసిక వైద్యం అందుతుంది. కదలలేని వారికి 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ ఉంది. నెంబరు 14416. ఖర్చు లేదు, రాత్రింబవళ్లు పనిచేస్తుంది. ఏ రాష్ట్రం నుండి చేసినా భాష ఎంచుకొనే సమయంలో తెలుగు కోరవచ్చు.