తరగతి కాదు, కోవ

ఇంట్లో పాటలు వినడానికి సొంతంగా ఆంప్లిఫయర్ కట్టుకుందామని కోఠి గుజరాతీ గల్లీలో అడుగుపెట్టినవారికి మొదట ఎదురయ్యే మాట ‘క్లాస్ డి’. వెంటనే ఒక అనుమానం మొలుస్తుంది: ఏ, బీ, సీ ఉండగా డీ ఎందుకు కొనాలి? అనుమానం సహజమైనదే. సినిమా వ్యాపారంలో ఏ సెంటర్, బీ సెంటర్, సీ సెంటర్ అనే విభజన మనకు బాగా తెలుసు. పరీక్షల్లో డీ గ్రేడ్ వస్తే ఇంట్లో ఏమవుతుందో అంతకన్నా బాగా తెలుసు. అక్షరం కిందికి దిగితే విలువా దిగుతుందని చిన్ననాటి నుంచి నేర్చుకున్నాం.

ఈ పాఠం చెప్పింది ‘క్లాస్’ అనే మాటే. లాటిన్‌లో ‘క్లాసిస్’ అంటే, రోమ్ పౌరులను ఆస్తినిబట్టి విడదీసిన వర్గం. అందులో మొదటి వర్గంవాడు ‘క్లాసికస్’. మనం శాస్త్రీయ సంగీతాన్ని ‘క్లాసికల్’ అంటున్నామంటే ఆ ధనికుడి హోదా ఇంకా మాటలో మిగిలి ఉందన్నమాట. తెలుగులోకి వచ్చాక కూడా ఆ వాసన పోలేదు. ‘క్లాస్ సినిమా’ అంటే మెచ్చుకోలు, ‘క్లాస్ పీకడం’ అంటే పైనున్నవాడు కిందివాడికి బుద్ధి చెప్పడం. దానికి మనం పెట్టుకున్న ‘తరగతి’కీ ఆ మెట్ల గుణం ఉంది. ఒకటో తరగతి, పదో తరగతి, రైల్లో మొదటి తరగతి, రెండో తరగతి. ‘తర’ అనగానే తరతమాలు, తారతమ్యం గుర్తుకొస్తాయి. సంస్కృతంలో ‘తర’, ‘తమ’ రెండూ ఎక్కువతక్కువలు చెప్పే ప్రత్యయాలే మరి. ఇంగ్లీషులో అన్నా తెలుగులో అన్నా చెవికి తగిలేది హోదాయే.

ఆంప్లిఫయర్ల లోకంలో మాత్రం ఈ మాటకు హోదాతో పని లేదు. ట్రాన్సిస్టర్లకు ముందున్న వాల్వుల కాలంలో ఇంజినీర్లు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఒక పూర్తి అలలో వాల్వు ఎంతసేపు కరెంటు మోస్తోంది? అల పొడవునా మోస్తే ఏ. సగం మాత్రమే మోసి, మిగతా సగం జంట వాల్వుకు వదిలేస్తే బీ. సగంకన్నా తక్కువ మోస్తే సీ. అది రేడియో ట్రాన్స్‌మిటర్లకు పనికొస్తుంది, పాటకు పనికిరాదు. ఏకూ బీకూ నడుమ ఏబీ. మన మెకానిక్‌లందరికీ చేతికి అలవాటైన 2030 ఐసీ, అంటే టీడీఏ2030, ఈ ఏబీ రకమే. ఇవన్నీ పనిచేసే తీరుకు పెట్టిన గుర్తులు. సీ తర్వాత కొత్త తీరు వచ్చింది కాబట్టి దానికి తర్వాతి అక్షరం దక్కింది. అంతే. డీ అంటే ‘డిజిటల్’ అని విడదీసి చెప్పేవారు ఉన్నారు. అదీ తప్పే.

ఆ కొత్త తీరు ఏమిటంటే, ట్రాన్సిస్టర్‌ను సగం తెరిచి ఉంచకపోవడం. పూర్తిగా ఆన్, లేదా పూర్తిగా ఆఫ్. పాత ఫ్యాన్ రెగ్యులేటర్ డబ్బా గుర్తుందా? ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు డబ్బా కాలిపోయేది. మిగిలిన కరెంటంతా వేడిగా అక్కడే ఖర్చయ్యేది. ఏబీ ఆంప్లిఫయర్‌లో ట్రాన్సిస్టర్ చేసేది అలాంటి పనే. డీలో పాట అలను ఒక త్రికోణపు అలతో పోల్చి, సెకనుకు కొన్ని లక్షల పల్సులుగా మారుస్తారు. అల పైకి వెళ్తే పల్సు వెడల్పవుతుంది, కిందికి వస్తే సన్నబడుతుంది. చివర్లో ఒక కాయిల్, ఒక కెపాసిటర్ ఆ పల్సులను వడకట్టి పాటను స్పీకర్‌కు అందిస్తాయి. పల్సు వెడల్పు ఎంతైనా కావచ్చు, అంకెల మెట్లు లేవు. అందుకే ఇది డిజిటల్ కాదు. బీ తీరుకు సిద్ధాంతం ప్రకారమే 78.5 శాతం మించి సామర్థ్యం రాదు. మంచి డీ చిప్ 90 శాతం దాటుతుంది.

1964లో ఇంగ్లండ్‌లో సింక్లెయిర్ సంస్థ ఎక్స్-10 అనే డీ కిట్ అమ్మింది. దాని అసలు బలం రెండున్నర వాట్లే. ఈ ఆలోచన పండడానికి వేగంగా ఆన్, ఆఫ్ అయ్యే మాస్‌ఫెట్లు అనే ట్రాన్సిస్టర్లు రావలసి వచ్చింది. ఆ తర్వాత ఆద్య త్రిపాఠి స్థాపించిన అమెరికా కంపెనీ ట్రైపాత్ తన చిప్‌లకు ‘క్లాస్ టీ’ అని పేరు పెట్టింది. టీఏ2020 అనే ఆ చిన్న చిప్‌ను శ్రోతలు నెత్తిన పెట్టుకున్నారు. కంపెనీ 2007లో దివాలా తీసింది. నిజానికి టీ అనే తీరు వేరే లేదు. అది డీకి తొడిగిన వ్యాపారనామం.

కాబట్టి చిప్ ఎంచుకునేటప్పుడు అక్షరం దగ్గర ఆగకూడదు. బజారులో అందరూ అడిగే టీపీఏ3116 సంగతే చూడండి. ‘50 వాట్లు, రెండు చానెళ్లు’ అంటారు. ఆ అంకె 21 వోల్టుల సప్లైతో, 4 ఓమ్‌ల స్పీకర్‌తో, 10 శాతం డిస్టార్షన్ దగ్గర కొలిచినది. అంత డిస్టార్షన్‌లో గాయకుడి గొంతు చీరుకుపోతుంది. మీ దగ్గరున్నది 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టర్, 8 ఓమ్‌ల స్పీకర్ అయితే లెక్క ఇలా వేసుకోండి: 19ని 19తో గుణిస్తే 361, దాన్ని 8కి రెట్టింపు 16తో భాగిస్తే సుమారు 22.5. నష్టాలు పోను శుభ్రంగా వచ్చేది 20 వాట్ల చుట్టుపక్కల. మామూలు గదికి అది చాలు. డబ్బాల మీద వేల వాట్లు చూపించే పీఎంపీఓ అంకెను అసలు లెక్కలోకే తీసుకోవద్దు.

అన్నదమ్ముల్లాంటి చిప్‌లలోనూ తేడాలున్నాయి. 3116కు వేడిపోయే లోహపు పలక పైన ఉంటుంది, దానిమీద హీట్ సింక్ బిగించాలి. 3118కు అది అడుగున ఉంటుంది, బోర్డు రాగే వేడిని లాక్కోవాలి. బోర్డు నాసిరకమైతే చిప్ మంచిదైనా లాభం లేదు. ఇంకో మాట: ఈ చిప్‌లు ఆన్, ఆఫ్ అయ్యే వేగం 400 నుంచి 1200 కిలోహెర్ట్జ్ వరకు ఉంటుంది. ఆకాశవాణి మీడియం వేవ్ కేంద్రాలు, విజయవాడ 837, హైదరాబాద్ 738, ఆ మధ్యలోనివే. పక్కన రేడియో పెట్టుకుంటే గుర్రుమనే అవకాశం ఉంది కనుకే ఆ వేగాన్ని మార్చుకునే వీలు చిప్‌లోనే పెట్టారు. కాయిల్స్ మరీ చిన్నవిగా ఉన్న బోర్డును వదిలేయడం మేలు.

ఇన్ని తేడాలున్న వస్తువుకు ‘తరగతి’ అనే మాట న్యాయం చేయదు. మనకు ‘కోవ’ అనే చక్కని మాట ఉంది. ‘ఆయన ఆ కోవకు చెందిన రచయిత’ అంటే పెద్దవాడనీ కాదు, చిన్నవాడనీ కాదు. ఆయన దారి అది అని. ఏ కోవ, ఏబీ కోవ, డీ కోవ అంటే ఎవరూ ఎవరికీ పైన లేరు, కింద లేరు. తెలుగులో ఎలక్ట్రానిక్స్ రాసేవారు, బోధించేవారు ఈ మాటను వాడి చూడాలని నా మనవి. కొనేవారికి చెప్పేది ఇదే: అక్షరాన్ని అడగకండి. ఎన్ని వోల్టులకు, ఎన్ని ఓమ్‌లకు, ఎంత డిస్టార్షన్ దగ్గర ఎన్ని వాట్లు అని అడగండి. జవాబు చెప్పలేని దుకాణంలో ఏ కోవ బోర్డూ కొనకండి.