‘కల్‌ప్రిట్‌’ అంటే దోషేనా?
తీర్పు రాకముందే వాడేస్తున్న మాట.. దాని వెనుక కథ

కురవి: మహాశివరాత్రికి కురవి వీరభద్రస్వామి జాతరకు జనం పోటెత్తుతారు. ఆ రద్దీలో ఒక మహిళ మెడలో గొలుసు పోయిందనుకుందాం. అనుమానంతో పోలీసులు ఒక యువకుడిని ఠాణాకు తీసుకెళ్తారు. సాయంత్రానికల్లా ‘దొంగ దొరికాడు’ అనే మాట గుడి ముందున్న హోటళ్లు దాటి చుట్టుపక్కల తండాలకు చేరుతుంది. కాస్త చదువుకున్నవారు అదే సంగతిని ‘కల్‌ప్రిట్‌ను పట్టుకున్నారు’ అని చెప్పుకొంటారు. ఠాణాకు వెళ్లింది అనుమానితుడు. ఊళ్లోకి వచ్చిన వార్తలో మాత్రం అతడు దొంగ. మరునాడు అతడిని విడిచిపెట్టినా ఆ పేరు అతడిని విడిచిపెట్టదు.

‘కల్‌ప్రిట్‌’ ఆంగ్ల పదమే అయినా టీవీ చర్చల ద్వారా, పత్రికల ద్వారా తెలుగువారి నోళ్లలో స్థిరపడింది. నేరం చేసినవాడు, తప్పుకు కారకుడు అనే అర్థంలో దానిని వాడుతున్నారు. అయితే ఈ పదం పుట్టుక తెలిస్తే ఆశ్చర్యం కలగక మానదు. మొదట్లో ఈ పిలుపు అందుకున్నవాడు ‘నేను నేరం చేయలేదు’ అని న్యాయస్థానంలో చెప్పుకొన్న మనిషి.

గుమాస్తా రాతలో పుట్టిన పదం

ఇంగ్లండును 1066లో నార్మన్లు జయించిన తర్వాత అక్కడి న్యాయస్థానాల్లోకి ఫ్రెంచి భాష ప్రవేశించింది. సామాన్యులకు ఆ భాష అర్థం కాదన్న కారణంతో వాదనలు ఆంగ్లంలో జరగాలని 1362లో చట్టం చేశారు. అయినా న్యాయవాదుల పరిభాషలో, రికార్డుల్లో ఫ్రెంచి మాటలు శతాబ్దాల పాటు కొనసాగాయి.

బోనులో నిలబడిన వ్యక్తి తాను నిర్దోషినని చెప్పగానే, ప్రభుత్వం తరఫున కోర్టు గుమాస్తా ఫ్రెంచిలో బదులిచ్చేవాడు. ‘ఇతడు దోషి. మా అభియోగాన్ని నిరూపించేందుకు సిద్ధంగా ఉన్నాం’ అన్నది దాని సారాంశం. దోషి అనే అర్థమున్న ‘కల్పబుల్‌’, సిద్ధం అనే అర్థమున్న ‘ప్రిస్ట్‌’ అందులో ముఖ్యమైన మాటలు. రికార్డులో వీటిని కుదించి ‘కల్‌. ప్రిట్‌’ అని రాసేవారు. కాలక్రమంలో ఫ్రెంచి మరుగున పడింది. పొడి అక్షరాల అసలు అర్థం తెలియని గుమాస్తాలు రెండింటినీ కలిపి చదివారు. అది ఎదుట నిలబడిన వ్యక్తిని ఉద్దేశించిన పిలుపు అనుకున్నారు. 1678లో పెంబ్రోక్‌ ప్రభువు హత్యానేర విచారణ రికార్డులో ఈ పదం ఇలా సంబోధనగా కనిపిస్తుంది. పదం పుట్టుకపై నిఘంటుకర్తలు సాధారణంగా ఇచ్చే వివరణ ఇదే.

అప్పటికి దాని అర్థం విచారణకు నిలబడిన వ్యక్తి అని మాత్రమే. అపరాధం అనే అర్థమున్న ‘కల్పా’ అనే లాటిన్‌ మాటతో పోలిక ఉండటంతో, 18వ శతాబ్దం నాటికి అది దోషికి పర్యాయపదమైంది. అంటే నేరాన్ని రుజువు చేస్తామని ప్రభుత్వం ఇచ్చిన మాటలోంచి పుట్టిన పదం, రుజువు అక్కర్లేకుండానే నేరాన్ని అంటగట్టే పదంగా మారింది.

మన ‘ముద్దాయి’దీ ఇదే దారి

ఇటువంటి తారుమారు ఆంగ్లానికే పరిమితం కాదు. కురవి ప్రాంతం 1948 వరకు నిజాం ఏలుబడిలో ఉంది. కోర్టు, కచేరీ వ్యవహారాలు ఉర్దూలో సాగేవి. జామీను, వకాలతు, ఫిర్యాదు, పంచనామా, జప్తు, ముచ్చలిక వంటి ఎన్నో మాటలు నేటికీ ప్రజల వాడుకలో ఉన్నాయి. వాటిలో ‘ముద్దాయి’ ఒకటి. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు. ఎవరిపై దావా వేశారో అతడు ‘ముద్దాలేహ్‌’. తెలుగులో మాత్రం ముద్దాయి అంటే నేరారోపణ ఎదుర్కొంటున్నవాడు. న్యాయం కోరి వచ్చినవాడి పేరు బోనులో నిలబడినవాడికి స్థిరపడటం గమనార్హం.

అదే ఉర్దూ మరో తేడాను జాగ్రత్తగా కాపాడుకుంది. ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి ‘ముల్జిం’, నేరం రుజువైన వ్యక్తి ‘ముజ్రిం’. తెలుగులోనూ ఈ తేడాకు మాటలున్నాయి. నింద మోయవలసి వచ్చినవాడు నిందితుడు, దోషం రుజువైనవాడు దోషి. పదో శతాబ్దం నాటి కొరవి శాసనాన్ని తెలుగు గద్యానికి తొలి నమూనాల్లో ఒకటిగా సాహిత్య చరిత్రకారులు పేర్కొంటారు. అంతటి చరిత్ర ఉన్న భాషలో మాటలకు కొరత లేదు. వాటిని సరైన చోట వాడటంలోనే లోపం.

ఏ దశలో ఏ మాట?

చట్టం దృష్టిలో ఒక్కో దశకు ఒక్కో పేరు ఉంది. దర్యాప్తులో పోలీసులు ఎవరిపైనైనా సందేహం వ్యక్తం చేస్తే అతడు అనుమానితుడు. ప్రథమ సమాచార నివేదికలోగాని, అభియోగపత్రంలోగాని పేరు చేరితే నిందితుడు. ఏ-1, ఏ-2 అని రాసే అంకెలు నిందితుల వరుసను సూచిస్తాయే తప్ప నేర తీవ్రతకు కొలమానం కావు. విచారణ పూర్తికాకుండా జైలులో ఉన్నవారు విచారణ ఖైదీలు. న్యాయస్థానం నేరం రుజువైందని ప్రకటించిన తర్వాతే దోషి అనాలి. రుజువు కాలేదని తీర్పు వస్తే నిర్దోషి.

అరెస్టు, రిమాండు, బెయిలు ఈ మూడింటిలో ఏదీ తీర్పు కాదు. రిమాండుకు పంపినంత మాత్రాన దోషి కాడు. బెయిలు దొరికినంత మాత్రాన నిర్దోషిగా తేలినట్లూ కాదు. నేరాన్ని సందేహానికి తావులేకుండా రుజువు చేయాల్సిన బాధ్యత ప్రధానంగా ప్రాసిక్యూషన్‌దే. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని నిందితుడిని నిర్బంధించరాదని రాజ్యాంగంలోని 20(3) అధికరణం చెబుతోంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. సెక్షన్ల అంకెలు మారినా ఈ మూల సూత్రాలు మారలేదు.

‘కల్‌ప్రిట్‌’కు దగ్గరి బంధువైన ‘కల్పబుల్‌’ మాత్రం చట్టంలో స్పష్టమైన అర్థంతో ఉంది. హత్య కిందికి రాని ప్రాణహరణ నేరాన్ని ఆంగ్లంలో ‘కల్పబుల్‌ హోమిసైడ్‌ నాట్‌ ఎమౌంటింగ్‌ టు మర్డర్‌’ అంటారు. పాత చట్టంలో దీనికి 304 సెక్షన్‌ కింద శిక్ష ఉండేది. కొత్త సంహితలో అది 105వ సెక్షన్‌.

మూడు కేసులు.. మూడు పాఠాలు

మహబూబాబాద్‌ పట్టణంలో 2020 అక్టోబరులో తొమ్మిదేళ్ల బాలుడిని డబ్బు కోసం అపహరించి హత్య చేసిన ఘటన జిల్లాను కలచివేసింది. ఈ కేసులో విచారణ ముగించిన స్థానిక కోర్టు 2023 సెప్టెంబరులో నిందితుడిని దోషిగా నిర్ధారించి మరణశిక్ష విధించింది. ఆయన పేరు ముందు ‘నిందితుడు’ పోయి ‘దోషి’ చేరాల్సింది ఆ తీర్పుతోనే. ఆగ్రహం ఎంత న్యాయమైనదైనా, మూడేళ్ల విచారణ తర్వాతే ఆ మాటకు బలం వచ్చింది. సెషన్స్‌ కోర్టు విధించే మరణశిక్షకు హైకోర్టు ధ్రువీకరణ కూడా తప్పనిసరి.

రెండోది వరంగల్‌ ఘటన. 2008 డిసెంబరులో ఇద్దరు ఇంజినీరింగ్‌ విద్యార్థినులపై యాసిడ్‌ దాడి జరిగింది. కురవి అప్పట్లో వరంగల్‌ జిల్లాలోనే ఉంది. అరెస్టయిన ముగ్గురు యువకులు కొద్ది రోజులకే పోలీసు కాల్పుల్లో మరణించారు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్‌ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద, పశువైద్యురాలి అత్యాచారం, హత్య కేసులో పట్టుబడిన నలుగురూ అదే తీరులో మరణించారు. రెండోసారి సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్‌ సిర్పుర్కర్‌ కమిషన్‌ పోలీసుల కథనాన్ని అంగీకరించలేదు. చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని నివేదికలో పేర్కొంది. ఆ నివేదిక 2022లో వెల్లడైంది. ఈ రెండు ఘటనల్లో బాధితులకు జరిగిన ఘోరం కాదనలేనిది. అయితే విచారణే జరగలేదు గనుక మరణించినవారికి చట్టం ప్రకారం మిగిలిన పేరు నిందితులు. నాటి పూలవర్షాలు, మిఠాయిల పంపిణీ న్యాయస్థానం ఇచ్చిన తీర్పుతో సమానం కాలేవు.

మూడోది మరింత ఆలోచింపజేసేది. 2007 డిసెంబరులో విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2008లో పోలీసులు ఒక పేద యువకుడిని అరెస్టు చేశారు. 2010లో విజయవాడ కోర్టు అతడిని దోషిగా ప్రకటించి శిక్ష విధించింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసి నిర్దోషిగా విడుదల చేసింది. పరిహారం చెల్లించాలని కూడా ఆదేశించింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా కాలం జైలులోనే గడిచిపోయింది. కింది కోర్టు తీర్పు తర్వాత కూడా పొరపాటుకు అవకాశం ఉందని, అప్పీలు హక్కు అందుకేనని ఈ కేసు తెలియజేస్తోంది. తీర్పే తలకిందులు కాగలిగినప్పుడు, అరెస్టు నాడే వేసే ముద్ర ఎంత ప్రమాదకరమో వేరే చెప్పనక్కర్లేదు.

పుట్టుకకే అంటించిన ముద్ర

వ్యక్తులనే కాదు, జాతులనే నేరస్థులుగా ముద్రవేసిన చరిత్ర ఉంది. ఆంగ్లేయులు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ విస్తరించారు. తెలుగునేలపై ఎరుకల వంటి జాతుల వారు నేరం చేయకపోయినా ఠాణాలో హాజరు వేయించుకోవాల్సి వచ్చింది. బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం ఆ కాలంలో వెలసిన సెటిల్‌మెంటే. స్వాతంత్య్రం వచ్చాక 1952లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. చట్టం పోయినా ఆ ఊరి పేరు వినగానే దొంగలను తలచుకునే అలవాటు దశాబ్దాల పాటు పోలేదు. పోలీసు రికార్డుల్లో ‘నోన్‌ డిప్రెడేటర్‌’కు పొట్టి రూపమైన ‘కేడీ’ తెలుగులో తిట్టుగా మారడమూ ఇలాంటిదే.

ఎక్కడ వాడవచ్చు?

‘కల్‌ప్రిట్‌’ను పూర్తిగా వదిలేయాల్సిన పని లేదు. మనుషులు కాని కారణాలకు దానిని నిక్షేపంగా వాడవచ్చు. 2021-22లో మహబూబాబాద్‌, వరంగల్‌, ఖమ్మం ప్రాంతాల్లో మిరప తోటలను తామర పురుగు దెబ్బతీసింది. ‘మిరప నష్టానికి అసలు కల్‌ప్రిట్‌ తామర పురుగు’ అంటే ఎవరి పరువుకూ భంగం లేదు. న్యాయస్థానం నేరం రుజువైందని ప్రకటించిన వ్యక్తి విషయంలోనూ తప్పులేదు. అంతకుముందు దశలో ఉన్న మనిషికి మాత్రం నిందితుడు అనే మాటే సరైనది. ‘నేరం చేశాడు’ బదులు ‘నేరం చేసినట్లు పోలీసులు ఆరోపిస్తున్నారు’ అని రాయడం నిందితుడిని వెనకేసుకురావడం కాదు, ఉన్నది ఉన్నట్లు చెప్పడమే. కేసుల వివరాలను పోలీసులు విలేకరులకు వెల్లడించే తీరుపై మార్గదర్శకాలు రూపొందించాలని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో కేంద్ర హోంశాఖను ఆదేశించింది. పోలీసుల వెల్లడి ఒకరిని ముందే దోషిగా నిలబెట్టరాదన్నదే దీని ఉద్దేశం.

తెలుసుకోవాల్సినవి

* అరెస్టు చేసిన వ్యక్తిని ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి.
* అరెస్టుకు కారణం తెలుసుకునే హక్కు, నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కు రాజ్యాంగంలోని 22వ అధికరణం కల్పించింది.
* నేర తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజుల్లోగా అభియోగపత్రం దాఖలు కాకుంటే నిందితుడు బెయిలు కోరవచ్చు.
* 1987 నాటి న్యాయసేవల ప్రాధికార చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, నిర్బంధంలో ఉన్నవారు ఉచిత న్యాయసహాయానికి అర్హులు. ఫోన్‌ నంబరు 15100.

గిరిజన తండాలు అధికంగా ఉన్న ఈ జిల్లాలో న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేక, కాగితంలో ఏముందో తెలియక సంతకాలు, వేలిముద్రలు వేసేవారికి ఈ వివరాలు అవసరం. కేసు నడిచేది కోర్టులో. ఆ ఇంటి పిల్లలు బడిలో వినాల్సిన మాట, ఆడపిల్ల సంబంధం దగ్గర వచ్చే ప్రశ్న, కూలికి పిలిచేవారి చూపు మాత్రం ఊరి చేతిలో ఉంటాయి. తీర్పు వచ్చే వరకు ‘నిందితుడు’ అనే మాటను వాడటం వల్ల ఊరికి పోయేదేమీ లేదు. ఆ కుటుంబానికి మాత్రం అదే పెద్ద ఆసరా.