కామంచి జన్యు వైవిధ్యం: ప్రజననానికి ఆధారాలు, హద్దులు

సారాంశం

పొలం గట్ల మీద, పెరటి దిబ్బల పక్కన దానంతటదే మొలిచే కామంచి వంగ కుటుంబానికి చెందిన కొన్ని దగ్గరి జాతుల సముదాయం. దీన్ని ఆహార పంటగా మెరుగుపరచవచ్చనడానికి తగిన ఆధారాలున్నాయి. అయితే అంతకన్నా ముందు జాతిని నిర్ధారించాలి, క్రోమోజోములు లెక్కించాలి, చేదు విషపదార్థాలను కొలవాలి.

జాతులు, క్రోమోజోములు

సొలానమ్ అమెరికానమ్‌లో 24 క్రోమోజోములు, విల్లోసమ్‌లో 48, నైగ్రమ్‌లోనూ స్కాబ్రమ్‌లోనూ 72 ఉంటాయి. ఈ మూడు స్థాయిల మొక్కలూ మన దేశంలో నమోదయ్యాయి. విల్లోసమ్ పండు నారింజ ఛాయలో ఉంటుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. చిక్కంతా నల్లటి పండ్ల జాతులతోనే. అమెరికానమ్ నుంచి 12, విల్లోసమ్ నుంచి 24 క్రోమోజోములు ఒక సంకరంలో చేరి, ఆ 36 రెట్టింపవడంతో 72 క్రోమోజోముల నైగ్రమ్ పుట్టి ఉంటుందని కణశాస్త్ర, డీఎన్‌ఏ పరిశీలనలు సూచిస్తున్నాయి.

ఈ సముదాయంలోని పరాగ సంపర్క పద్ధతి మీద, జాతుల మధ్య సంకరణకు ఎదురయ్యే అడ్డంకుల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రవేత్తలు జె. వెంకటేశ్వర్లు, ఎం. కృష్ణారావు 1972లోనే పరిశోధన ప్రచురించారు. క్రోమోజోముల సంఖ్య వేరైన మొక్కలను కలిపితే వచ్చే సంకరాలు సాధారణంగా గొడ్డువే. అందువల్ల జాతి తెలియకుండా మొదలుపెట్టిన సంకరణ విత్తనం దాకా వెళ్లకపోవచ్చు.

వైవిధ్యం ఎక్కడుంది?

కామంచిలో ఎక్కువగా స్వపరాగ సంపర్కమే జరుగుతుంది. ఇలాంటి మొక్కల్లో ఒకే చోట పెరిగేవి జన్యుపరంగా ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, చోటు మారితే తేడాలు పెరుగుతాయి. కనుక ఒకే ఊళ్లో వంద మొక్కలు సేకరించడం కన్నా, నేలా వర్షపాతమూ వేరైన అనేక ఊళ్లలో కొద్ది మొక్కల చొప్పున సేకరించడం మేలు. శుద్ధ వంశక్రమాల ఎంపిక కూడా ఈ మొక్కకు సహజంగా సరిపోతుంది.

తెగులు నిరోధం

అన్నిటికన్నా గట్టి ఆధారం ఇక్కడ దొరుకుతుంది. 1845లో ఐర్లాండ్ కరువుకు దారితీసిన బంగాళాదుంప లేట్ బ్లైట్ తెగులును తట్టుకునే జన్యువులు అమెరికానమ్‌లో ఉన్నాయి. ఇంగ్లండులోని నారిచ్ నగరంలో ఉన్న సెయిన్స్‌బరీ ప్రయోగశాల పరిశోధకులు ఆర్‌పీఐ-ఏఎంఆర్3 అనే జన్యువును వేరుచేసి 2016లో ప్రకటించారు. దాన్ని బంగాళాదుంపలో ప్రవేశపెట్టినప్పుడు నిరోధకత కనిపించింది. అయితే అమెరికానమ్ మొక్కలన్నీ తెగులును తట్టుకోలేదు. కొన్ని నమూనాలు ప్రయోగశాల పరీక్షల్లో దానికి లొంగిపోయాయి. ఒకే జాతిలోని ఈ తేడా వల్లే జన్యువు ఎక్కడుందో పట్టుకోవడం సాధ్యమైంది. పైగా ఆ బదిలీ జన్యు ఇంజినీరింగ్‌తో జరిగింది. మామూలు సంకరణతో అదే ఫలితం వస్తుందని దీన్నిబట్టి అనలేం.

ఆకుకూరగా, పండుగా

కెన్యా, టాంజానియాల్లో స్కాబ్రమ్, విల్లోసమ్ ఆకుల్ని కూరగా వండుతారు. టాంజానియాలోని అరుషాలో ప్రపంచ కూరగాయల కేంద్రం వీటి మీద ప్రజనన కృషి చేసింది. పూత ఆలస్యమైతే ఆకు కోతలు పెరుగుతాయి కాబట్టి ఆలస్యపు పూత అక్కడ ముఖ్యమైన లక్ష్యం. తమిళుల ఇళ్లలో మణత్తక్కాళి అని పిలిచే కామంచి కాయల్ని ఎండబెట్టి వత్తల్ చేస్తారు.

కానీ పచ్చికాయల్లో సొలానిన్ వంటి గ్లైకోఆల్కలాయిడ్లు ఎక్కువగా ఉంటాయి. పండే కొద్దీ అవి తగ్గుతాయి. వాటి పరిమాణం మొక్క జన్యురూపాన్ని బట్టి, పెరిగిన పరిస్థితిని బట్టి మారుతుంది. తరతరాల వాడకం విలువైన ఆధారమే అయినా, అది ఆయా ప్రాంతాల మొక్కలకు, ఆయా వంట పద్ధతులకు మాత్రమే వర్తిస్తుంది. కొత్తగా ఎంపిక చేసిన ప్రతి వంశక్రమాన్నీ మళ్లీ పరీక్షించాలి. దిగుబడి ఎంత పెరిగినా ఈ మెట్టును దాటవేయకూడదు.

ముగింపు

కామంచికి పంటగా ఎదిగే సత్తా ఉందని నేను నమ్ముతున్నాను. తెలుగు నేలల్లో ఈ పని క్రమపద్ధతిలో సాగాలి. ముందు వేర్వేరు జిల్లాల నమూనాలను సేకరించి క్రోమోజోముల సంఖ్యతో జాతిని తేల్చాలి. ఆకు, పచ్చికాయ, పండు దశల్లో ఆల్కలాయిడ్లను విడివిడిగా కొలవాలి. తర్వాత ఒకటికి మించిన కాలాల్లో, ఒకటికి మించిన చోట్ల సాగుచేసి చూడాలి. జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థకు హైదరాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది కనుక విత్తనాలను భద్రపరచడానికి వసతి దగ్గరలోనే ఉంది. కలుపుమందులు వాడే పొలాల్లో కామంచిని కలుపుగానే చంపేస్తున్నారు. అందుకే ఈ మెట్లలో సేకరణను వాయిదా వేయడం తగదు.