ఒడ్డునకు ఎదురొడ్డు

"ఒడ్డు" అను తెలుగు మాటకు తీరమను నర్థముతోబాటు పణమను నర్థమును గలదు. ఆంగ్లేయుల "ఆడ్స్" చెవికి దీని చుట్టమువలె దోచును గాని, రెంటికిని బాంధవ్యమేమియు లేదు. అయినను, చట్టము వలదన్నను మానని సంక్రాంతి కోడిపందెములలో, గోదావరి సీమ బరిచుట్టు మూగిన జనమునుండి యొకడు చేయెత్తి "పదికి ఎనిమిది" యని కేకవేయగా, ఆవలివైపు వాడెవడో సరేయని తల యూపుట చూచినవారికి, 2000 జూన్‌లో ఇంగ్లండున బెట్‌ఫెయిర్ అను పేర వెలసిన పందెపు ఎక్స్చేంజి మర్మము సగము బోధపడినట్లే. బరిలో దీనిని పైపందె మందురు.

ఇంగ్లండులోను మొదట గుఱ్ఱపు పందెము లిట్లే, మనిషికిని మనిషికిని నడుమ జరిగెడివి. 18వ శతాబ్దాంతమున న్యూమార్కెట్ మైదానమున ఆగ్డెన్ అనునతడు ప్రతి గుఱ్ఱమునకును వేర్వేరు ధర చెప్పి, వచ్చినవారందఱి పందెములను తానే పట్టుట మొదలిడెనని చరిత్రకారులు చెప్పుదురు. బుకీ యను జాతి కతడు మూలపురుషుడు. సమానబలము గల రెండు గుఱ్ఱములకు 2.0 చొప్పున నీయవలసినచోట 1.9 చొప్పుననే యిచ్చుటలో వాని జీవిక యంతయు నిమిడియున్నది. 1867లో పారిస్‌లో జోసెఫ్ ఒలర్ అందఱి సొమ్మును నొక్కకుప్ప చేసి గెలిచినవారికి పంచు పద్ధతి కల్పించెను గాని, అందు పందెము కాయువానికి తన ధర యెంతయో చివరిదాక తెలియదు.

బెట్‌ఫెయిర్‌ను స్థాపించినవారు ఆండ్రూ బ్లాక్, ఎడ్వర్డ్ రే. వీరిలో బ్లాక్ తాతయగు సర్ సిరిల్ బ్లాక్ జూదమునకు బద్ధవిరోధియైన పార్లమెంటు సభ్యుడట! మనుమడు తాత వైరమును మఱియొక దారిని దీర్చుకొనెనో యేమో, వీరి సంస్థ "బుకీ మరణించె"నని లండను వీథులలో శవపేటికల నూరేగించెను.

ఒక గుఱ్ఱము గెలుచునని యొకడు 4.0 ధరకు 100 పౌండ్లు ఒడ్డదలచె ననుకొందము. గెలిచినచో అసలుతో గూడ 400 చేతికి వచ్చును. అనగా నాలుగింట నొకవంతు అవకాశము కలదని యా ధర చెప్పుచున్నది. గెలువదని నమ్మినవాడు ఎదురొడ్డవలెనన్నచో, తాను చెల్లింపవలసి రాగల 300 పౌండ్లును వాని ఖాతాలో ముందుగనే బిగింపబడును. అతడు 60 పౌండ్ల పందెమునకే సమ్మతించినచో ఆ 60 జతపడి, మిగిలిన 40 వరుసలో వేచియుండును. మేలైన ధర చెప్పినవానిది ముందు, సమానధరలో మొదట వచ్చినవానిది ముందు. జత దొరకనిచో అది పందెమే కాదు. గెలిచినవాని లాభమునుండి సాధారణముగా నూటికి 5 చొప్పున కమీషను పుచ్చుకొను సంస్థకు, ఏ గుఱ్ఱము గెలిచినను ఒక్కటే.

2011 డిసెంబరు 28న ఐర్లండులోని లెపర్డ్స్‌టౌన్‌లో, వోలే లా వెదెత్ అను ఆడుగుఱ్ఱము గెలుపువాకిట పరుగెత్తుచుండగనే, దానిపై 29.0 ధరకు కోట్ల పౌండ్ల ఎదురొడ్డు తెరపై గనబడెను. అంతయు జతపడినచో చెల్లింపవలసినది దాదాపు 60 కోట్ల పౌండ్లు. బరిలో నిట్టి కేక వినబడినచో చుట్టునున్నవారు ముందు వాని ముఖమును, పిమ్మట వాని మొలలోని సంచిని జూచియుందురు. ఇచట చూచుటకు ముఖమే లేదు. ఆ పని యొక ఖాతాదారుని తరపున తనంతట పందెములు పెట్టు కంప్యూటరు ప్రోగ్రాముదని తేలెను. పరుగు నడుచుచుండగా జతపడిన పందెములన్నియు రద్దయి, ఎవరి సొమ్ము వారికి మరల వచ్చెను.